ఫిబ్రవరి 21 గడిలో ఏం రాయాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో తేదీలకు గిరాకీ ఎక్కువ. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల మధ్య గ్రూప్స్‌కూ, పోలీసు ఉద్యోగాలకూ, టీచర్ పోస్టులకూ చదివే పిల్లలు కొనే సన్నని పుస్తకాల్లో ‘ముఖ్యమైన దినోత్సవాలు’ అని ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు తేదీ, కుడివైపు పేరు, మధ్యలో ఒక గీత. అందులో ఫిబ్రవరి 21కి ఎదురుగా అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం అని ఉంటుంది. ఆ పుస్తకాలు అమ్మే చోటికి కూతవేటు దూరంలోనే, 2013లో అదే తేదీన, సాయంత్రం ఏడు గంటల వేళ నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. పట్టికలో ఆ సంగతికి చోటు లేదు. ఉండాలా, అక్కర్లేదా అన్నదే ఈ సంవాదం. మాట్లాడేవాళ్లలో ఒకరు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన సారు, ఇంకొకరు పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే దుకాణదారు. ఈ ప్రాంతంలో వినబడే రెండు వాదాలకు నేనిచ్చిన రూపాలు వీళ్లు. నా మొగ్గు సారు వైపే. అయినా దుకాణదారు ప్రశ్నలను పలచన చేసి రాస్తే సారు మాటకే బలం పోతుంది కనుక ఆయన అడగగలిగినదంతా అడగనిచ్చాను.

దుకాణదారు: సార్, ఆ గడిలో ఇంకో మాట చేర్చడం నాకు పెద్ద ఖర్చేమీ కాదు. నేను ఆలోచించేది ఇక్కడ బతికేవాళ్ల గురించి. కొవ్వొత్తులు వెలిగించి, ఫొటోలు దిగి, గంటలో వెళ్లిపోయేవాళ్ల వల్ల ఎవరి కష్టం తీరింది? పైగా అది ఒక్క తేదీ అయితే కదా. 2002 నవంబర్ 21న ఇక్కడి సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలిన నాడే ఇక్కడ పేలకుండా మిగిలిన బాంబు ఒకటి దొరికింది. ఆ తర్వాత 2013. అన్నీ తలుచుకుంటూ కూర్చుంటే ఈ రోడ్డు మీద చీర కొనడానికి మంచిరోజు మిగలదు. బయటి ఊళ్లలో దిల్‌సుఖ్‌నగర్ పేరు చెప్పగానే ఇప్పటికీ బాంబుల సంగతే ఎత్తేవాళ్లున్నారు. మరుపు కూడా మందే సార్. జనం మళ్లీ ధైర్యంగా తిరగబట్టే ఈ బజారు బతికింది.

సారు: మరుపు మందేనంటే ఒప్పుకుంటాను అన్నా. కానీ ఆ మందు ఎవరికి అందింది? ఆ దారిన పోయి, ఆ రోజు ఏమీ కాకుండా ఇల్లు చేరినవాళ్లకు అందింది. ఆ రెండు పేలుళ్లలో 18 మంది చనిపోయారనీ, 131 మంది గాయపడ్డారనీ కేసు రికార్డులో ఉంది. కాలు పోగొట్టుకున్న మనిషికి, వినికిడి పోయిన మనిషికి మరుపు దొరుకుతుందా? న్యాయస్థానం కూడా మరిచిపోలేదు. ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు 2016 డిసెంబర్‌లో ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. పేలుడుకీ ఈ తీర్పుకీ మధ్య పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లూ కోర్టు తేల్చింది నేరం చేసినవాళ్ల లెక్క. గాయపడ్డవాళ్ల లెక్క వేరే ఉంది. ఎవరికి చికిత్స ఇంకా నడుస్తోంది, ఎవరికి ఇస్తామన్న సాయం చేతికందింది, ఎవరికి అందలేదు? ఏడాదికోసారైనా ఎవరో ఒకరు ఈ లెక్క విప్పి చెప్పాలి. చెప్పేవాళ్లకు ఒక రోజంటూ ఖాయం కాకపోతే ఆ పని ఏ రోజుదీ కాకుండా పోతుంది.

కొవ్వొత్తుల గురించి మీరన్నది నిజం. అయితే తప్పు తేదీది కాదు, ఆ తేదీకి మనం పని ఏదీ అప్పగించలేదు. తద్దినం అన్న మాట చూడండి. ఇష్టం లేని పని మొక్కుబడిగా చేస్తే తద్దినం పెట్టినట్టుంది అంటాం. మాట విప్పితే అందులో విసుగేమీ లేదు. తత్ దినం, అంటే ఆ రోజు. అంతే. ఆ రోజుకు పెద్దలు పెట్టిన కట్టుబాటు గమనించండి. ఏ మాసంలో, ఏ పక్షంలో, ఏ తిథిన పోయారో ఆ తిథి. ఎవరు పెట్టాలో ఖాయం, ఎవరిని పిలిచి భోజనం పెట్టాలో ఖాయం, ఎవరి పేర్లు చెప్పాలో ఖాయం: తండ్రి, తాత, ముత్తాత. కొత్త తరం వచ్చి చేరితే పైనున్న పేరు ఆ వరుసలోంచి తప్పుకుంటుంది. జ్ఞాపకానికి బాధ్యుణ్ణి పెట్టారు, పని పెట్టారు, గడువు కూడా పెట్టారు. అందరిళ్లలోనూ ఇదే పద్ధతి లేదు. సమాధి దగ్గరికి వెళ్లి పూలు పెట్టి వచ్చేవాళ్లున్నారు, పెత్తరమాసకు పెద్దల పేర బియ్యం ఇచ్చేవాళ్లున్నారు. పద్ధతి ఏదైనా ఆ రోజు చేతికి ఒక పని ఉంది. బజారు సంగతి అన్నారు కదా, పెత్తరమాసనే చూడండి. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చిన ఇంట్లోనే ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. పోయినవాళ్లను తలుచుకున్నందుకు తంగేడు పూల గిరాకీ తగ్గలేదు. వర్ధంతి అన్న మాట మూలంలో కూడా పెరగడం అన్న అర్థమే ఉంది. కన్నడంలో ఇప్పటికీ పుట్టినరోజును వర్ధంతి అంటారు. మనం దాన్ని చావు రోజుకు పరిమితం చేసుకున్నాం.

దుకాణదారు: తద్దినానికి కొడుకున్నాడు సార్. ఊరికి ఎవరున్నారు? ఊరి తరఫున పెట్టేది సర్కారే. సర్కారు మారితే రోజు పేరు మారుతుంది. సెప్టెంబర్ 17 తీసుకోండి. చాలా ఏళ్లు రాష్ట్రం తరఫున ఆ తేదీకి ఏమీ లేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. అదే రోజు కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపింది. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవం అంది. ఎర్రజెండా పార్టీలు సాయుధ పోరాట వారోత్సవాలు అంటాయి. రోజు ఒక్కటే, పేర్లు నాలుగు. ఏది అచ్చు వేయాలి? పరీక్షలో ఏది రాస్తే మార్కు పడుతుంది? తేదీ అన్నది చేతికి దొరికినవాడి జెండా అయిపోయాక దాన్ని నెత్తిన పెట్టుకుని మోయడం ఎందుకు?

సారు: ఆ రోజుకు ఇన్ని పేర్లు ఎందుకొచ్చాయో చూడండి. ఐదేళ్ల చరిత్రను ఒక్క రోజు నెత్తిన పెట్టాం, అది మోయలేకపోతోంది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన సైనిక చర్య ఐదో రోజున నిజాం లొంగుబాటుతో ముగిసింది. అది పాలకుల తేదీ. జనం తేదీలు వేరే ఉన్నాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. భూమి కోసం మొదలైన ఆ పోరు సెప్టెంబర్ 17తో ఆగలేదు, 1951 అక్టోబర్ 21న విరమించేదాకా సాగింది. లొంగిపోయిన నిజామే 1950 జనవరి 26 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. సైనిక చర్య జరిగిన రోజుల్లోనూ ఆ తర్వాతా సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, ముస్లింల మీద జరిగిన హింసను చూసి రమ్మని పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. దొరకూ రజాకార్లకూ ఎదురుతిరిగిన రైతుకు ఆ రోజు ఒక రకంగా కనబడుతుంది, ఉస్మానాబాద్‌లో ఇంటి మగవాళ్లను పోగొట్టుకున్న ముస్లిం ఆడమనిషికి ఇంకో రకంగా కనబడుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఇద్దరి నిజాన్నీ కలిపి మోయగల పేరు ఒక్కటి దొరకదు. పక్క రాష్ట్రాలను చూసినా అంతే. మహారాష్ట్రలో ఆ రోజు మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో విమోచన దినంగా ఉన్నది, 2019లో అక్కడి పాత సంస్థానం ప్రాంతానికి కల్యాణ కర్ణాటక అని పేరు మారాక కల్యాణ కర్ణాటక ఉత్సవం అయింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ పేర్ల గొడవ కాదు. 1948లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు వంద దగ్గర పడుతుంది. అంటే సాక్షులు దాదాపు వెళ్లిపోయారు. ఊరూరా వాళ్లు బతికి ఉన్న యాభై, అరవై ఏళ్లలో ఆ రోజును రాష్ట్రం పట్టించుకోలేదు. వాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకునే పనిని సెప్టెంబర్ 17కి అప్పగించి ఉంటే ఏ ఊళ్లో ఎవరి భూమి ఎవరికి పోయింది, ఎవరి ఇల్లు తగలబడింది అన్నది గ్రామాల వారీగా మన చేతిలో ఉండేది. ఇప్పుడు వాళ్లు లేరు, పేర్ల మీద పోటీ మాత్రం జోరుగా ఉంది. మీ పుస్తకం మాటకొస్తే తోవ ఉంది అన్నా. ‘1948: హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయిన రోజు’ అని ముందు వేయండి. దాని కింద ఏ ఏడాది ఎవరు ఏ పేరుతో జరిపారో వేయండి. జరిగిన సంగతి ఒకటి, దానికి తర్వాతివాళ్లు పెట్టిన పేరు ఒకటి అని పిల్లలకు తెలిస్తే మార్కు కూడా పోదు.

దుకాణదారు: పని ఉంటే తేదీ నిలుస్తుందంటున్నారు. పేరుంటే చాలదా? ఎల్బీనగర్ చూడండి. ఒక ప్రధానమంత్రి పేరు ఊరికే పెట్టారు. మెట్రో లైను ఆ పేరు దగ్గరే ఆగుతుంది. విజయవాడ బస్సు ఎక్కేవాళ్లు, నాగార్జునసాగర్ బస్సు ఎక్కేవాళ్లు రోజూ వేల నోళ్ల ఆ పేరు పలుకుతారు. అంతకంటే పెద్ద స్మారకం ఎక్కడుంది? అయినా ఎల్ అంటే ఏమిటి, బీ అంటే ఏమిటి అని ఎవరూ తలుచుకోరు. పుట్టినరోజా, అది అక్టోబర్ 2. ఆ రోజంతా గాంధీ గారిదే. తాష్కెంట్‌లో పోయిన జనవరి 11 సంక్రాంతి ప్రయాణాల రద్దీలో కొట్టుకుపోతుంది. ఇంత పెద్ద పేరుకే ఈ గతి పడితే, మామూలు మనుషులు పోయిన ఒక సాయంత్రం నిలుస్తుందా?

సారు: నా వాదానికి మీరే సాక్ష్యం తెచ్చారు. లాల్ బహదూర్ నగర్ అన్న పేరుంది, ఆ పేరుకు పని లేదు, అందుకే రెండు అక్షరాలు మిగిలాయి. ఆ పేరుకు మన జిల్లాల్లోనే ఒక పని ఉందని తెలిస్తే అది ఇలా ఎండిపోదు. 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య రైలు వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అయినా బాధ్యత తనదని రాజీనామా ఇచ్చాడు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడులోని అరియలూరు దగ్గర ఇంకో రైలు పడిపోయి మళ్లీ వందమందికి పైగా పోతే మళ్లీ రాజీనామా ఇచ్చాడు. ఈసారి పట్టుబట్టి వెళ్లిపోయాడు. ఎవరి చావుకు ఎవరు జవాబు చెప్పాలన్న ప్రశ్నకు ఈ దేశంలో ఒక మంత్రి ఇచ్చిన గట్టి జవాబుల్లో అది ఒకటి, అందులో సగం పాలమూరు నేల మీద పుట్టింది. ఆ మనిషి పేరున్న ఊళ్లో, అక్టోబర్ 2న కాకపోతే సెప్టెంబర్ 2నైనా, రోడ్ల మీదా రైళ్ల కిందా ఆ ఏడాది పోయిన ప్రాణాల లెక్క అధికారులు జనం ముందు చదివితే ఎలా ఉంటుంది? దుకాణాల్లో దీపావళికి కొత్త పద్దు పుస్తకం తెరుస్తారు కదా. పాత బాకీలు చూడకుండా కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి ఏం ప్రయోజనం?

దుకాణదారు: పద్దు పుస్తకం మాట నాకు అర్థమవుతుంది సార్. కానీ అదే ఎల్బీనగర్ చౌరస్తాలో ఇంకో తేదీ ఉంది. దాన్ని ముట్టుకోవడానికే నాకు భయం. 2009 నవంబర్ 29న ప్రత్యేక రాష్ట్రం కోసం ఆ చౌరస్తాలో ఆత్మాహుతికి పాల్పడిన శ్రీకాంతాచారి డిసెంబర్ 3న ఆస్పత్రిలో కన్నుమూశాడు. మోత్కూరు దగ్గరి పొడిచేడు పిల్లవాడు. ఇప్పుడక్కడ విగ్రహం ఉంది, పూలదండలు పడతాయి. నవంబర్ 29నే కేసీఆర్ నిరాహార దీక్షకు బయలుదేరిన రోజు కనుక ఒక పార్టీ దాన్ని దీక్షా దివస్‌గా జరుపుతుంది. ఒకే తేదీన నాయకుడి సంగతి పెద్దక్షరాల్లో ఉంటే పిల్లవాడి సంగతి చిన్నక్షరాల్లో ఉంటుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. నా దుకాణానికి వచ్చేవాళ్లంతా ఆ వయసువాళ్లే. నోటిఫికేషన్ రాక, వచ్చినా వాయిదా పడి, ఇంటికి ఏం చెప్పాలో తెలియక హాస్టల్ గదుల్లో నలిగేవాళ్లు. అట్లాంటి పిల్లలకు ఒక చావును దండలేసి చూపిస్తే ఏం నేర్చుకుంటారు?

సారు: మీ ప్రశ్నల్లో ఇదే బరువైనది. దీని ముందు నా వాదం తడబడితే మిగతాదంతా వృథా. చావును పూజిస్తే అది దారిలా కనబడుతుంది. ఆ భయం నిజమైనదే. కానీ మీరు చెప్పిన మరుపు ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే విగ్రహం నిలబడే ఉంది. ఏ మాటా లేని విగ్రహం చావునే చూపిస్తుంది. దండకు బదులు ఆ రోజు రెండు పనులు జరగాలి. ఒకటి, ఆ పిల్లవాడు బతికి ఉండాల్సిందని గట్టిగా, మైకులో, నాయకులే చెప్పాలి. అమరుడన్న మాట ఎంత పెద్దదైనా తల్లికి అది కొడుకు కాదు. ఇరవైల్లో ఉన్న మనిషి రాష్ట్రం వచ్చిన 2014 జూన్ 2ని కళ్లారా చూసి, పెళ్లి చేసుకుని, ఇవాళ నలభైకి దగ్గరపడి మన మధ్య తిరుగుతూ ఉండాలి. అది దక్కకపోవడం నష్టం, ఘనత కాదు. నలిగిపోతున్న పిల్లకు, పిల్లవాడికి ఈ మాట ఆ చౌరస్తాలోనే వినబడాలి. రెండోది, ఆ ఉద్యమం ఏం అడిగిందో దాని లెక్క. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నారు. డిసెంబర్ 3న ఆ చౌరస్తాలో ఆ ఏడాది ఎన్ని ఖాళీలు ఉన్నాయో, ఎన్ని నింపారో, ఏ పరీక్ష ఎందుకు ఆగిందో ప్రభుత్వం చదివి వినిపిస్తే, మీ దుకాణానికి వచ్చే పిల్లలే ముందు వరుసలో నిలబడి వింటారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ కాగితం చదవాల్సిందే కనుక దాన్ని ఒక పార్టీ పండుగ చేసుకోవడం కుదరదు. నవంబర్ 29న ఎవరి దీక్ష వాళ్లు తలుచుకోవచ్చు. దాన్ని కాదనడం చరిత్రను దాచడమే అవుతుంది.

దుకాణదారు: సరే, అక్కడ అడిగింది ఉంది, లెక్క ఉంది. ఫిబ్రవరి 21న పోయినవాళ్లు ఏమీ అడగలేదు సార్. జెండా పట్టలేదు, నినాదం ఇవ్వలేదు. ఇంటికి పోవడానికి రోడ్డు మీద నిలబడ్డారు. వాళ్లు దేనికోసం పోయారని చెప్తాం? పైగా ఆ గడి అప్పటికే నిండి ఉంది. ఐక్యరాజ్యసమితి మాతృభాషా దినాన్ని పక్కకు జరిపి మన బస్టాపు సంగతి వేస్తే పిల్లవాడికి మార్కు పోతుంది.

సారు: పక్కకు జరపమనడం లేదు. ఆ గడిలో ముందు నుంచి ఉన్నది కూడా రోడ్డు మీద పోయిన ప్రాణాల సంగతేనని మీ పుస్తకం పిల్లలకు చెప్పడం లేదు, అదే నా బాధ. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీకి రాజభాష హోదా కావాలని విద్యార్థులు నిషేధాజ్ఞలు దాటి బయటికొచ్చారు, పోలీసులు కాల్చారు. రెండు రోజుల్లో అక్కడే విద్యార్థులు రాత్రికి రాత్రి ఒక స్తూపం కట్టారు. 26న పోలీసులు దాన్ని కూల్చేశారు. స్తూపం పోయినా తేదీ ఎందుకు పోలేదు? ఆ రోజుకు వాళ్లు పని పెట్టుకున్నారు. తెల్లవారకముందే చెప్పుల్లేని కాళ్లతో పూలు పట్టుకుని, తర్వాత మళ్లీ కట్టిన స్తూపం షహీద్ మినార్‌కు నడుస్తారు. ఫిబ్రవరి నెలంతా బాంగ్లా అకాడమీ పుస్తకాల సంత నడుస్తుంది. నలభై ఏడేళ్లు అట్లా నడిచాక 1999 నవంబర్ 17న యునెస్కో దాన్ని ప్రపంచపు రోజు చేసింది. ముందు చెప్పుల్లేని కాళ్లు నడిచాయి, తీర్మానం తర్వాత వచ్చింది. మనం తీర్మానాన్ని బిట్టుగా బట్టీ పట్టి కాళ్లను వదిలేశాం. తెలుగు రోజులకూ అదే జరుగుతోంది. ఆగస్టు 29 గిడుగు రామమూర్తిది, సెప్టెంబర్ 9 కాళోజీది అని రెండు రాష్ట్రాల పిల్లలకూ వచ్చు, ఆ ఇద్దరూ ఎవరి భాష కోసం ఎవరితో తలపడ్డారో చాలామందికి రాదు.

ఇక, పోయినవాళ్లు ఏమీ అడగలేదన్నారు. అడిగారు. సాయంత్రం ఏడింటికి రోడ్డు పక్కన నిలబడి బస్సెక్కి క్షేమంగా ఇల్లు చేరడం కంటే మామూలు కోరిక ఉందా? నగరం తన మనిషికి ఇవ్వాల్సిన మొదటి హామీ అదే. వాళ్లు నినాదం ఇవ్వలేదు కనుక వాళ్ల రోజును ఏ పార్టీ ఎత్తుకోలేదు. ఆ రోజు మరుగున పడడానికి నాకు తోచే పెద్ద కారణం అది. అందుకే ఆ పని మనం చేయాలి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే 18 పేర్లూ చదవాలి. గాయపడ్డవాళ్లకు అందినదీ అందనిదీ అధికారి నిలబడి చెప్పాలి. పది నిమిషాల పని. దానికి దుకాణం మూయక్కర్లేదు, రోడ్డు ఆపక్కర్లేదు. మూడు తరాల దాకా అక్కర్లేదు కూడా, ఆ 131 మందిలో ఆఖరి మనిషి బతికున్నంత కాలం జరిగితే చాలు.

దుకాణదారు: ఆ పది నిమిషాలు ఎవరు నిలబెడతారన్నది మీరు చెప్పలేదు సార్. అధికారి రాకపోతే?

సారు: మొదటి ఏడు రారు. ఢాకాలో మొదటి స్తూపాన్ని కూల్చింది సర్కారే. మీ దుకాణం ముందు మెట్టు చాలు, అక్కడ నిలబడి అడుగుదాం.

దుకాణదారు: మెట్టు ఇస్తాను, మాటకు నేను పూచీ. పుస్తకం సంగతి చెప్పండి. గడి వెడల్పు తక్కువ. మాతృభాషా దినం ఉంచి దాని కింద 2013 దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు అని వేస్తే ఇంకో వరుసకే చోటు. పోయినవాళ్ల అంకె వేయనా, గాయపడ్డవాళ్లదా?

సారు: రెండూ వేయండి. పక్కన 1952, ఢాకా అని కూడా పడాలి. చోటు చాలకపోతే అక్షరం చిన్నది చేయండి.

దుకాణదారు: అక్షరం చిన్నదైతే పిల్లలు చదవరు. పట్టికనే రెండు పేజీలు చేస్తాను.